గాలి పెంచకండి, అడుగు చూడండి

చిన్న పీవీసీ గొట్టం. దాని అడుగున కాగితం పొర. పొర మీద మూడు వేళ్ల మందాన ఆకుపచ్చ పౌడర్ పెయింట్. కింది నుంచి చేపల తొట్టెకు వాడే పంపు గాలి ఊదుతోంది. ఇప్పుడు పొడి మొత్తం లేచి నీళ్లలా కదలాలి. కదలడం లేదు. ఒక పక్క చిన్న గొయ్యి పడి అందులోంచి పొడి పైకి చిమ్ముతోంది. మిగతా మూడు వంతులూ ఉన్నచోటే గట్టిగా కూర్చుంది. వాల్వు ఇంకాస్త తిప్పితే గొయ్యి పెద్దదవుతుంది, బల్లంతా ఆకుపచ్చ దుమ్ము పరుచుకుంటుంది, కూర్చున్న పొడి మాత్రం చలించదు.

గాలపు జిగ్‌లకు రంగు వేసుకోవడానికి ఇంట్లోనే ఫ్లూయిడ్ బెడ్, అంటే పొడిని గాలితో తేలగొట్టే ఇలాంటి పాత్ర, తయారుచేసుకునేవాళ్లలో చాలామందికి మొదటి రోజే ఎదురయ్యే చిక్కు ఇది. వెంటనే తట్టే ఆలోచన కూడా ఒకటే: పంపు చాలడం లేదు, పెద్దది కొనాలి. ఆ ఆలోచన తప్పని భౌతికశాస్త్రం చెబుతుంది. గాలి కావలసిన దానికంటే ఎక్కువే వస్తోంది. అది పొడికంతటికీ సమంగా అందడం లేదు, అంతే. లోపం పంపులో కాదు, పొడి కూర్చున్న నేలలో ఉంది. నేల బాగుంటే పొడిలో ఉంది. ఈ రెండూ చూడకుండా పంపు మార్చడం డబ్బు దండగ.

ముందు జిగ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. గాలపు ముల్లు మెడ దగ్గర సీసంతో చిన్న తల పోత పోస్తే అది జిగ్. ఆ బరువుకు ఎర నేరుగా అడుగుకు దిగుతుంది. కర్ర కొసను ఎగరేసినప్పుడల్లా నీటి అడుగున గెంతుతుంది, ఆ గెంతు చూసి చేప పట్టుకుంటుంది. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి సరస్సుల రాష్ట్రాల్లో వాలై, బాస్, క్రాపీ చేపలకు దీన్ని విరివిగా వాడతారు. చలికాలంలో సరస్సులు గడ్డకట్టి ఉంటాయి. మంచులో రంధ్రం చేసి గాలం వేయనివాళ్లు గరాజ్‌లోనో ఇంటి కింది గదిలోనో కూర్చుని, అల్యూమినియం అచ్చుల్లో సీసం పోసి, మే నెలలో వచ్చే వాలై సీజన్‌కు కావలసిన జిగ్‌లు సిద్ధం చేసుకుంటారు. మెరిసే పసుపాకుపచ్చ, నారింజ, గులాబి, తెలుపు వీళ్లకు ఇష్టమైన రంగులు. రాళ్ల మధ్య అడుగున తగులుతూ తిరిగే వస్తువు కాబట్టి మామూలు రంగు నాలుగు దెబ్బలకే రాలిపోతుంది. అందుకే పౌడర్ పెయింట్.

ఈ రంగులో ద్రవమేమీ ఉండదు. ఎపాక్సీ లేదా పాలియెస్టర్ రెజిన్, దాన్ని గట్టిపరిచే రసాయనం, రంగు పదార్థం కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తగా మర పట్టిన పొడి ఇది. జిగ్ తలను వేడిచేసి పొడిలో ముంచి తీస్తే, తగిలిన రేణువులు కరిగి అంటుకుంటాయి. తర్వాత ఓవెన్‌లో వేలాడదీసి సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే రెజిన్ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, మళ్లీ ఎంత వేడిచేసినా కరగని గట్టి పూతగా మారతాయి.

పొడి డబ్బాలోనే నేరుగా ముంచితే సరిపోదా అంటే, అలా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ కదలకుండా కూర్చున్న పొడిలో రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. వేడి తల దిగినచోట పొడి అదుముకుపోయి దళసరిగా ముద్ద కడుతుంది. ముల్లు మెడ కింద ఖాళీ మిగిలినచోట పూతే పడదు. ఒక పక్క లావు, ఒక పక్క పలుచన అయిన తల నీటిలో దిగేటప్పుడు పక్కకు ఒరుగుతుంది కూడా. పొడిని గాలితో తేలగొడితే ఈ చిక్కులన్నీ పోతాయి.

పొడి తేలడమంటే ఏమిటో నిదానంగా చూద్దాం, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి లోపానికీ మూలం ఇక్కడే ఉంది. కింది నుంచి గాలి వెళ్తున్నప్పుడు ప్రతి రేణువునూ కొంచెం పైకి లాగుతుంది. వేగం బాగా తక్కువైతే గాలి సందుల్లోంచి దారి చేసుకుని పోతుంది, పొడి కదలదు. వేగం మెల్లగా పెంచితే ఒక దశలో ఆ లాగుడు పొడి మొత్తం బరువుకు సమానమవుతుంది. అక్కడి నుంచి రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనవు, గాలి మీద ఆనుతాయి. మట్టం కొంచెం పెరుగుతుంది. గొట్టాన్ని వంచితే పొడి పైభాగం వెంటనే సమమట్టానికి వస్తుంది. చెక్కముక్క వేస్తే తేలుతుంది, సీసం గుండు వేస్తే మునుగుతుంది. జిగ్‌ను దించితే చేతికి అడ్డు తగలదు. ఆ దశ దాటాక గాలి ఎంత పెంచినా అది మోయాల్సిన బరువు మారదు కనుక, పొడిలో పీడనం తగ్గే మొత్తం కూడా మారదు. అదనపు గాలి బుడగలై పైకి పోతుంది.

గరాజ్‌లో జిగ్‌లకు రంగు వేసుకునే మనిషి వాడుతున్నది నూరేళ్ల పారిశ్రామిక చరిత్ర ఉన్న సూత్రం. జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ 1920ల్లో బొగ్గు నలుసులను ఇలాగే వాయువుతో తేలగొట్టి వాటి నుంచి ఇంధన వాయువు తీశాడు. 1942లో అమెరికాలోని లూసియానా రాష్ట్రం బాటన్ రూజ్‌లో ముడిచమురు భారభాగాలను పెట్రోలుగా విరిచే కర్మాగారం మొదలైంది. అందులో ఉత్ప్రేరకం మెత్తటి పొడి రూపంలో ద్రవంలా గొట్టాల్లో ప్రవహించేది. ఎమ్ఐటీ ఆచార్యులు వారెన్ లూయిస్, ఎడ్విన్ గిలిలాండ్ దాని వెనుక ఉన్నారు. విశాఖపట్నం రిఫైనరీలోని క్రాకింగ్ యూనిట్లు నడిచేదీ ఈ సూత్రం మీదే. ఇక వేడి లోహాన్ని తేలే ప్లాస్టిక్ పొడిలో ముంచి పూత వేసే పద్ధతి 1950ల్లో జర్మనీకే చెందిన ఎర్విన్ గెమ్మర్‌ది. స్ప్రే గన్‌తో పౌడర్ కోటింగ్ చేసే పద్ధతి ఆ తర్వాతే వ్యాపించింది. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు కోటింగ్ షాపుల్లో గన్‌కు పొడి అందించే తొట్టిని గమనించండి. దాని అడుగున కూడా సన్న రంధ్రాల పలకే ఉంటుంది, కింది నుంచి గాలే వస్తుంది.

ఇప్పుడు లెక్కలోకి. గాలి పొడి గుండా వెళ్లేటప్పుడు ఎంత పీడనం తగ్గుతుందో చెప్పే సమీకరణాన్ని 1952లో సబ్రి ఎర్గున్ ఇచ్చాడు. దాన్ని మెత్తటి పొడులకు వాడితే తేలే దశకు కావలసిన కనీస గాలి వేగం తెలుస్తుంది. 50 మైక్రాన్ల వ్యాసం, నీటికంటే ఒకటిన్నర రెట్ల సాంద్రత ఉన్న రేణువులకు ఆ వేగం సెకనుకు సుమారు 1.2 మిల్లీమీటర్లు. సెంటీమీటర్లు కాదు, మిల్లీమీటర్లే. లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లున్న గొట్టం వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. అంటే నిమిషానికి సుమారు 150 మిల్లీలీటర్ల గాలి చాలు, పొడి తేలడం మొదలవుతుంది. నిజజీవితంలో పొడి హాయిగా కదలడానికి దానికి కొన్ని రెట్లు కావాలి. అయినా అర లీటరు, ముప్పావు లీటరు. చేపల తొట్టెల దుకాణంలో దొరికే చిన్న పంపే నిమిషానికి లీటరు పైబడి ఇస్తుంది. మీ పంపు ఎంత ఇస్తోందో తెలుసుకోవడం తేలిక. లీటరు సీసాను నీళ్లతో నింపి, బకెట్ నీళ్లలో బోర్లించి, ట్యూబు కొసను దాని మూతి కిందకు తెచ్చి, నీరంతా బయటికి పోవడానికి ఎంతసేపు పడుతుందో చూడండి.

మరి పొడి చిమ్మడం ఎందుకు? ఇంకో లెక్క ఉంది. అదే 50 మైక్రాన్ల రేణువును నిశ్చలమైన గాలిలో వదిలితే సెకనుకు సుమారు 11 సెంటీమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. పైకి వచ్చే గాలి వేగం అంతకు మించితే రేణువు తేలదు, ఎగిరిపోతుంది. నిమిషానికి లీటరున్నర గాలి గొట్టమంతటా సమంగా పరుచుకుంటే దాని వేగం సెకనుకు సెంటీమీటరు పైచిలుకు మాత్రమే. అదే గాలి ఒక చదరపు సెంటీమీటరు మేర ఒక్క కన్నంలోంచి వస్తే వేగం సెకనుకు 25 సెంటీమీటర్లు. ఆ కన్నం మీద ఉన్న పొడి చిమ్ముతుంది, మిగతాచోట గాలే లేదు. మొదట్లో చెప్పిన గొయ్యి సంగతి ఇదే. ఒకే పాత్రలో ఒకచోట గాలి మరీ ఎక్కువ, మరోచోట మరీ తక్కువ. వాల్వు తిప్పితే రెండూ సరికావు.

గొయ్యి లేకపోయినా బల్ల మీద సన్నటి దుమ్ము పడుతోందంటే దానికీ ఈ లెక్కే కారణం. పడే వేగం రేణువు వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 10 మైక్రాన్ల రేణువు సెకనుకు అర సెంటీమీటరైనా దిగదు. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ కింద పడి పొట్టు ఎగిరినట్టే, సరిగ్గా నడుస్తున్న బెడ్‌లోంచి కూడా అతి సన్నటి నలుసులు కొన్ని ఎగిరిపోతాయి. గొట్టాన్ని పొడి మట్టం మీద నాలుగైదు అంగుళాలు ఎత్తు ఉంచితే ఆ నలుసుల్లో చాలా వరకు గోడలకు అంటి లోపలే రాలతాయి.

అసలు గాలి ఒకేచోట ఎందుకు గుమిగూడుతుంది? ఇది నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే అందంగా కనిపించే భాగం. పొడిలో ఎక్కడో ఒకచోట కొంచెం వదులుగా ఉందనుకోండి. గాలికి అక్కడ అడ్డు తక్కువ, అందుకని కాస్త ఎక్కువ గాలి అటు వెళ్తుంది. ఆ గాలికి అక్కడి పొడి ఇంకా వదులవుతుంది. అడ్డు ఇంకా తగ్గుతుంది. ఇంకా గాలి అటే మళ్లుతుంది. చిన్న తేడా తనను తానే పెంచుకుంటూ పోయి చివరికి సొరంగమవుతుంది. దీన్ని ఆపగలిగింది అడుగున ఉన్న పొర ఒక్కటే. ఆ పొర తన వంతుగా గాలికి గట్టి అడ్డు పెడితే, ఒకచోట గాలి పెరగబోయిన కొద్దీ అక్కడ పొర దాటడానికి ఎక్కువ పీడనం ఖర్చవుతుంది. పైన పొడిలో కలిసొచ్చిన సౌలభ్యం కింద పొరలో హరించుకుపోతుంది. గాలి మళ్లీ అంతటా సర్దుకుంటుంది. పొర మరీ పలుచనైతే ఈ దిద్దుబాటు జరగదు. పరిశ్రమల్లో ఇంజనీర్లు పాటించే అనుభవ సూత్రం ఏమిటంటే, పొడిలో తగ్గే పీడనంలో కనీసం మూడో వంతు దాకా పొరలోనూ తగ్గాలి.

ఈ మాటను ఇంట్లో కొలిచి చూడవచ్చు. పంపు నుంచి గొట్టానికి వెళ్లే ట్యూబులో టీ ఆకారపు జాయింటు పెట్టి, దాని మూడో కాలికి పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు తగిలించండి. ఆ ట్యూబును యు ఆకారంలో గోడకు అంటించి సగం వరకు రంగునీళ్లు పోయండి. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే పీడనం. ముందు పొడి లేకుండా పంపు వేసి చూస్తే పొర ఒక్కదాని అడ్డు తెలుస్తుంది. తర్వాత పొడి పోసి, వాల్వు కదపకుండా మళ్లీ చూడండి. పెరిగినంత పొడి వంతు. అది ఎంత ఉండాలో ముందే చెప్పగలం. పొడి బరువు గ్రాముల్లో తూచి, గొట్టం వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే సెంటీమీటర్లలో నీటి మట్టం. 60 గ్రాముల పొడి, 20 చదరపు సెంటీమీటర్ల గొట్టం అయితే 3 సెంటీమీటర్లు. తేడా 3 దగ్గరికి వస్తే గాలి పొడి మొత్తాన్ని మోస్తోంది. ఒకటిన్నర దగ్గర ఆగిపోతే సగం పొడి ఇంకా నేల మీదే కూర్చుని ఉంది, గాలి దొంగదారిన పోతోంది. పొర ఒక్కటే చూపిన తేడా ఒక సెంటీమీటరు కంటే బాగా తక్కువుంటే పొర చాలదు, ఇంకో పొర వేయాలి. ఇంత చవకగా ఇంత కచ్చితంగా జబ్బు చెప్పే పరికరం మరొకటి లేదు. కంటితో చూసి ఊహించే ముందు దీన్ని కట్టుకోమని గట్టిగా చెబుతాను.

పొరకు వాడేవి రకరకాలు. కాఫీ వడపోత కాగితం అందరి చేతికీ ముందు దొరుకుతుంది గానీ ఒక్కటే వేస్తే మరీ వదులు. రెండు మూడు కలపాలి. కిరాణా సంచుల దళసరి గోధుమరంగు కాగితం, కొరియర్ కవర్లకు వాడే చిరగని టైవెక్ బాగా పనిచేస్తాయి. పరిశ్రమల్లో వాడేది ప్లాస్టిక్ గుళికలను వేడితో అతికించి చేసిన సన్నరంధ్రాల పలక. ఏది వాడినా, అది ఎలా బిగించారన్నదే ముఖ్యం. పొడి వేళ్ల మందాన కాకుండా అర సెంటీమీటరు మాత్రమే పోసి, గాలి కొద్ది కొద్దిగా తెరిచి చూస్తే పొర తన గుట్టు తానే చెబుతుంది. గోడ చుట్టూ అంచున మాత్రమే బుడగలు వస్తుంటే పొరకూ గొట్టానికీ మధ్య సందు ఉంది. పొరను తీసి మడత లేకుండా లాగి బిగించి, అంచు వెంట సిలికాన్ రాయాలి. నడిమధ్యన మాత్రమే వస్తుంటే రెండు కారణాల్లో ఒకటి. గాలికి పొర బుడ్డలా ఉబ్బి మధ్యలో పొడి మందం తగ్గుతూ ఉండవచ్చు. అప్పుడు పొర పైన, కింద సన్న తీగల వల వేసి అదిమిపట్టాలి. లేదా కింది నుంచి గాలి ట్యూబు నేరుగా పొర మధ్యకే గురిపెట్టి ఉండవచ్చు; ట్యూబును పక్క గోడలోంచి లోపలికి తేవాలి, లేదా దాని మూతి ముందు చిన్న అడ్డుబిళ్ల పెట్టాలి. పొర కింద ఖాళీ గది రెండు మూడు సెంటీమీటర్లైనా లోతు ఉండాలి, గాలి నిదానించి అన్ని వైపులా పరుచుకోవడానికి.

ఎప్పుడూ ఒకే పక్కన, గొట్టాన్ని తిప్పినా బల్లకు అదే వైపున బుడగలొస్తే పొర తప్పు కాదు, బల్ల తప్పు. తేలే పొడి పైమట్టం ఎప్పుడూ సమంగానే ఉంటుంది. నేల వాలితే ఎత్తుగా ఉన్న వైపు పొడి మందం తగ్గి గాలి అటు పోతుంది. తాపీమేస్త్రి వాడే మట్టం గొట్టం మీద పెట్టి, కింద అట్టముక్క దూర్చితే తీరిపోయే సమస్య. ఇంకో లోపం కొలతలది. సన్న గొట్టంలో లోతుగా పొడి పోస్తే, పైకి వచ్చేకొద్దీ బుడగలు కలిసి గొట్టమంత వెడల్పై, పొడిని గుత్తగా పైకి నెట్టి దభీమని వదిలేస్తాయి. లోతు వెడల్పుకు రెండింతలు దాటనివ్వకుండా ఉంటే మేలు.

గాలిని తగ్గించేటప్పుడు ట్యూబును నొక్కి పట్టడం కంటే, మరో జాయింటు పెట్టి మిగులు గాలిని బయటికి వదలడం మంచిది. ఈ పంపుల్లో గాలి నెట్టేది రబ్బరు డయాఫ్రం. దారి మూసేస్తే దాని మీద ఒత్తిడి పెరుగుతుంది.

పొర బాగుంది, మట్టం బాగుంది, కొలత మాత్రం తక్కువే చూపిస్తోంది. అప్పుడు పొడిని అనుమానించాలి. బ్రాడ్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో డెరెక్ గెల్డార్ట్ 1973లో పొడులన్నిటినీ గాలికి స్పందించే తీరును బట్టి నాలుగు వర్గాలుగా విడగొట్టాడు. బాగా తేలేవి, ఇసుకలా బుడగలు వేసేవి, బరువు నలుసులవి, చివరిగా ఒకదానికొకటి అంటిపెట్టుకునే అతి మెత్తటివి. ఈ ఆఖరి వర్గమే మన శత్రువు. రెండు రేణువుల మధ్య ఉండే అణుస్థాయి ఆకర్షణ వాటి వ్యాసాన్ని బట్టి పెరుగుతుంది, బరువు మాత్రం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి రేణువు సగానికి చిన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు దాని అంటు నాలుగింతలవుతుంది. 20, 30 మైక్రాన్లకు దిగువన బరువు ఓడిపోతుంది, అంటు గెలుస్తుంది. గాలి రేణువులను విడదీయలేక పగుళ్లు చేసుకుని పోతుంది. ముంచే పద్ధతికి చేసే పొడులు ఉద్దేశపూర్వకంగానే కాస్త ముతకగా ఉంటాయి. స్ప్రే గన్ కోసం చేసిన పొడి అంతకంటే మెత్తన. చవకగా దొరికిందని గన్ పొడి తెచ్చి పోస్తే బెడ్ మొరాయించడంలో వింత లేదు. అలాంటి పొడికి గాలి ఒక్కటే చాలదు, కుదుపు కావాలి. గొట్టాన్ని పంపు మీదే నిలబెడితే పంపు వణుకు కొంత పని చేస్తుంది. లేదంటే సన్న కడ్డీతో ముంచే ముందొకసారి కలపాలి, గొట్టాన్ని వేలితో తట్టాలి.

తేమ ఈ అంటును ఇంకా పెంచుతుంది. వానాకాలంలో బాగా నడిచిన బెడ్ కూడా ఒక రాత్రి మూత లేకుండా ఉంటే పొద్దున మొండికేస్తుంది. పొడిని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో గాలి చొరకుండా దాచాలి. వేడితో ఆరబెట్టాలని మాత్రం చూడొద్దు. ఈ రెజిన్లు 45 నుంచి 65 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలుపెడతాయి. మన కోస్తాలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులోనో మూసిన కారులోనో పెట్టిన డబ్బాలో పొడి గడ్డకట్టిపోవడం ఖాయం. చేతితో నలిపితే చితికిపోయే గడ్డలైతే సన్న జల్లెడలో జల్లించి వాడుకోవచ్చు. గట్టి రాళ్లయితే పారేయాల్సిందే. మిన్నెసోటా చలికాలంలో కష్టం ఇంకోలా వస్తుంది. వేడిచేసిన గదిలో గాలి ఎండిపోయి, రాపిడికి పొడిలో స్థిరవిద్యుత్తు పేరుకుని రేణువులు ప్లాస్టిక్ గోడలకు పట్టుకుంటాయి. అక్కడ గదిలో తేమ కొంచెం పెంచడమే మందు.

రంగు మార్చినప్పుడల్లా వాల్వు కూడా మార్చాలి. తెలుపులో ఎక్కువ పాళ్లలో ఉండే టైటానియం డయాక్సైడ్ వల్ల దాని రేణువు బరువు. రంగులేని పారదర్శక పొడి తేలిక. రేణువు వ్యాసం రెట్టింపైతే కావలసిన గాలి నాలుగింతలు. నిన్న పసుపుకు కుదిరిన గాలి ఇవాళ తెలుపుకు కుదరదు. లోహపు తళుకులు కలిసిన పొడులతో మరీ జాగ్రత్త అవసరం. రేకులకూ రెజిన్ రేణువులకూ ఆకారం వేరు, సాంద్రత వేరు, కాబట్టి ఎక్కువసేపు గాలి పెడితే విడిపోతాయి. వాటిని ముంచే కొద్ది క్షణాలు మాత్రమే తేలనివ్వాలి. నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోకూడదు. ప్రతి రేణువూ తన రంగుతోనే కరుగుతుంది, దగ్గరగా చూస్తే చుక్కలు చుక్కలుగానే ఉంటుంది.

బెడ్ చక్కగా మరుగుతున్నా పూత బాగా రాకపోతే ఇక చూడాల్సింది జిగ్ వేడిని. సీసం వేడిని చాలా తక్కువగా దాచుకునే లోహం. ఒక గ్రాము సీసాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.13 జౌళ్లు చాలు, నీటికి 4.2 కావాలి. పావు ఔన్సు తల, అంటే 7 గ్రాములది, గది వేడి కంటే 150 డిగ్రీలు పైన ఉన్నప్పుడు దానిలో ఉన్న అదనపు వేడి సుమారు 135 జౌళ్లు. క్రాపీకి వాడే ఒక గ్రాము లోపు చిన్న తలలో 20 జౌళ్లు కూడా ఉండవు. పైగా బరువుతో పోలిస్తే చిన్న తల ఉపరితలం ఎక్కువ. హీట్ గన్ దగ్గర నుంచి బెడ్ దాకా చేయి కదిలే సమయంలోనే అది చల్లారిపోతుంది. అందుకే చిన్నవాటిని బెడ్ పక్కనే వేడిచేసి ఆలస్యం లేకుండా ముంచాలి. పెద్దవాటి విషయం దీనికి తలకిందులు. వాటిలో వేడి నిలిచి ఉండి, సెకను ఎక్కువ ఉంచినా పూత లావెక్కుతుంది. బయటికి తీసిన తల చూస్తే విషయం అర్థమవుతుంది. కొన్ని క్షణాల్లో తడిసినట్టు మెరిస్తే వేడి సరిపోయింది. ఇసుక చల్లినట్టు మసకగా మిగిలితే తక్కువ. కారి కింద బొట్టు కడితే, పొగ వస్తే మరీ ఎక్కువ. పూతలో సూదిబెజ్జాలు కనిపిస్తుంటే బెడ్‌ను నిందించవద్దు. పోతలో చిక్కిన గాలి, లేదా కొవ్వొత్తి మంటలో వేడిచేసినప్పుడు పట్టిన మసి దానికి కారణం. ముల్లు కన్నులో రంగు నిండితే పూత మెత్తగా ఉండగానే సూదితో తెరవాలి, ఓవెన్ నుంచి వచ్చాక అది చాలా శ్రమ.

మంట మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా దాటకూడదు. పౌడర్ పెయింట్ మండే పదార్థం. గాలిలో తగినంత చిక్కగా లేచిన దాని దుమ్ము నిప్పు తగిలితే ఒక్కసారిగా అంటుకుంటుంది. సరిగ్గా నడిచే బెడ్ నుంచి లేచే దుమ్ము తక్కువే, కానీ పొడి చిమ్ముతున్న బెడ్ పక్కన స్పిరిట్ దీపం పెట్టుకుని కూర్చోవడం ప్రమాదం. వేడిచేసేచోటు, ముంచేచోటు ఒక చేతి దూరంలో ఉన్నా, మధ్యలో అడ్డు ఉండాలి. మంట కంటే హీట్ గన్ మేలు, అయితే దాని గాలి బెడ్ వైపు కొట్టకూడదు. ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు, సీసం ముట్టుకున్న చేతులకు సబ్బు తప్పనిసరి. రంగు కాల్చే ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు. పిల్లలున్న ఇంట్లో సీసం పని వంటింట్లో అసలే వద్దు.

సీసం గురించి ఇంకో మార్పు ఈ పనిలోకి వచ్చింది. తెగిపోయిన సీసపు జిగ్‌లను, గుళ్లను మింగి లూన్ అనే నీటి పక్షులు విషమెక్కి చనిపోతున్నాయని అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పశువైద్యులు గుర్తించారు. న్యూ హాంప్‌షైర్ 2016 నుంచి ఒక ఔన్సు, అంతకు లోపు బరువున్న సీసపు జిగ్‌లను నిషేధించింది. బ్రిటన్‌లో సీసపు గాలపు గుళ్లలో చాలా పరిమాణాల మీద 1987 నుంచే నిషేధం ఉంది. అందువల్ల చాలామంది బిస్మత్, తగరం కలిపిన లోహంతో తలలు పోస్తున్నారు. మంచి పని, కానీ ఫ్లూయిడ్ బెడ్‌తో పనిచేసేవాళ్లు ఒక అంకె గుర్తుంచుకోవాలి. స్వచ్ఛమైన సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి 177 డిగ్రీల ఓవెన్ దాన్ని ఏమీ చేయదు. బిస్మత్, తగరం సుమారు 58, 42 పాళ్లలో కలిసిన లోహం 138 డిగ్రీలకే కరిగిపోతుంది. బెడ్‌లో అందంగా పూత పట్టిన జిగ్‌ను ఆ ఓవెన్‌లో వేలాడదీస్తే, పావుగంట తర్వాత కొక్కేలకు ముళ్లు మాత్రమే మిగులుతాయి. స్వచ్ఛమైన తగరానికి ఈ బాధ లేదు, అది 232 డిగ్రీల దాకా నిలుస్తుంది. ధర ఎక్కువ, సాంద్రత సీసంలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు కాబట్టి అదే బరువుకు తల పెద్దదవుతుంది, పొడి కూడా ఆ మేరకు లోతుగా పోసుకోవాలి.